మత్స్యకన్య కథలో తోక ఎందుకు? కులం పేరు రాయలేకనా?

వశిష్ఠగట్టు:
ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. మొదటి అధ్యాయం ఇక్కడే పెట్టాను, కొందరు చదివే ఉంటారు. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఒక మత్స్యకన్య, రాజోలు వైపు కొబ్బరితోటలున్న ఇంటి అబ్బాయి. ఒడ్డు మనిషిని ప్రేమిస్తే ఇక సముద్రంలోకి రానివ్వరు, అదీ ఆ పిల్ల వాళ్ల కట్టుబాటు. మొత్తం చదివిన నా స్నేహితురాలు మాత్రం ఒకటే మాట అంది: "కులాంతర ప్రేమ రాయడానికి భయపడి తోక తగిలించావు." నాకలా అనిపించలేదు. తోక తోకే. నీటికీ నేలకీ మధ్య ప్రేమ దానికదే ఒక కథ కాదా? మీరేమంటారు?

కాకినాడకాజా:
నా ఓటు మీ స్నేహితురాలికే. మన దగ్గర ప్రేమకి అడ్డొచ్చేది సముద్రరాజు కాదండీ, బాబాయిలూ మేనమామలూ. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకే 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. అలాంటి చోట కూర్చుని కూడని ప్రేమ గురించి రాస్తూ, తప్పంతా నీళ్లలో ఉండే ఒక రాజు మీదకి తోసేస్తే ఒడ్డున ఉన్నవాళ్లంతా హాయిగా చేతులు దులుపుకుంటారు.

గౌతమిపాయ:
అసలు మత్స్యకన్య మన సరుకే కాదు. డెన్మార్క్ నుంచి దిగుమతి.

ఇంటర్ సెకండియర్:
కాజా అన్నయ్యా, ఒక్క మాట. కులాంతర ప్రేమ అని అట్ట మీద రాసున్న పుస్తకం ఇంట్లో కనిపిస్తే మా అమ్మ అది లాక్కుని, ఆనక ఫోన్ కూడా చెక్ చేస్తుంది. తోక ఉన్న అమ్మాయి బొమ్మ ఉందనుకోండి, చిన్నపిల్లల కథ అనుకుని వదిలేస్తుంది. లోపల ఏముందో మాకు అర్థం కాదనుకుంటున్నారా? హాస్టల్లో మేం రాత్రిళ్లు చదివేవి ఇలాంటివే. ప్రతి కథా పాఠంలా ఉండాలంటే మాకున్న పాఠాలు చాలు. అక్కా, ముద్దు సీన్ ఉందా లేదా?

వశిష్ఠగట్టు:
ఉంది. పదహారో అధ్యాయంలో.

పాలకొల్లు మాస్టారు:
గౌతమిపాయ గారూ, దిగుమతి అనకండి. రాజమహేంద్రవరంలో నన్నయ గారు తెనిగించిన ఆదిపర్వంలోనే అద్రిక అనే అప్సరస శాపం తగిలి చేపై యమునలో తిరుగుతుంది. ఆ చేప కడుపున పుట్టిన పిల్లే మత్స్యగంధి. ఉలూచి సంగతి చూడండి. గంగలో స్నానానికి దిగిన అర్జునుణ్ణి ఆ నీళ్లలోంచే నాగలోకానికి పట్టుకుపోయింది. వ్రతంలో ఉన్నానని ఆయన నసిగితే వాదించి మరీ ఒప్పించింది. తన లోకం వదల్లేదు, తన రూపం మార్చుకోలేదు. 1837లో అండర్సన్ రాసిన డేనిష్ కథలో పిల్ల నాలుక కోయించుకుంటుంది, అడుగు తీసి అడుగేస్తే కత్తుల మీద నడిచినంత బాధ పడుతుంది. తీరా ఆ రాకుమారుడు ఇంకో అమ్మాయిని చేసుకుంటాడు, ఈమె నురగలో కలుస్తుంది. మన రచయితలు ఉలూచిని వదిలేసి ఈ నాలుక కోయించుకున్న పిల్ల వెనక పడతారెందుకో నాకు అంతుపట్టదు. మీ నవల్లో ఎవరు మారతారమ్మా? అబ్బాయి నీళ్లలోకి దిగుతాడా, ఒడ్డున నిలబడి ఎదురుచూస్తాడా?

వశిష్ఠగట్టు:
ఎదురుచూస్తాడు మాస్టారూ. ఈదడం రాదు.

గౌతమిపాయ:
కోనసీమ కుర్రాడికి ఈత రాదా!

పల్లిపాలెం:
మాది వేటకెళ్లే కుటుంబం. మీరంతా తోక గురించి కొట్టుకుంటున్నారు గానీ నాకు మింగుడుపడనిది వాసన. మొదటి అధ్యాయంలో ఆ పిల్ల ఇసుక మీదకి రాగానే అబ్బాయికి మొగలిపూల వాసన వేస్తుంది. సముద్రంలో పుట్టి పెరిగిన పిల్ల దగ్గర మొగలిపూలా? నేను కాలేజీకెళ్లే రోజుల్లో మా స్టాపులో బస్సెక్కగానే ముందు సీట్లవాళ్లు కిటికీ అద్దం జరిపేవారు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ అద్దం కిర్రుమనేది, అంతే. మా అమ్మ తెల్లారుజామున ఎండుచేపలు తిరగేసి, అవే చేతులతో నాకు జడ వేసేది. షాంపూ పెట్టి ఎంత రుద్దుకున్నా ఏం లాభం?

మత్స్యగంధి కథలో కూడా ముందు ఆ వాసన పోవాలి, ఆ తర్వాతే పరాశరుడితో కలయిక. వరం ఆవిడే అడిగింది కదా అంటారు. అడగదా మరి?

రచయిత్రి గారూ, మీరు కులం పేరు రాయకపోయినా నాకు ఫర్వాలేదు. ఆ పిల్లని దాని వాసనతోనే అబ్బాయి ఇంటికి తీసుకెళ్లండి. వాళ్ల నాయనమ్మ ఏ కిటికీ తెరుస్తుందో, మంచినీళ్లు ఏ గ్లాసులో ఇస్తుందో రాయండి. మిగతాది చదివేవాళ్లకి తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీ మత్స్యకన్య ఈదుకుంటూ రాజమండ్రి పుష్కర ఘాట్ దాకా పోయింది. వరదకి నీరు ఎర్రబడ్డాక ఇలస చేప సముద్రంలోంచి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వస్తుంది, గోదారిలోకొచ్చాక దాన్నే పులస అంటారు, వేలు పోసి కొనేది అప్పుడే. దానికే ధవళేశ్వరం దగ్గర అడ్డం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. మీ పిల్లకి గేట్లు ఎవరెత్తారు?

కాకినాడకాజా:
అంటే నేనన్నదే మీరూ అంటున్నారు. కులం రాయాలి.

పల్లిపాలెం:
కాదండీ. మీరన్నట్టు రాస్తే ఆఖర్న మా పిల్ల చచ్చిపోతుంది. కులాంతర ప్రేమ అనగానే మనవాళ్ల కలం తిన్నగా కాలవగట్టుకో రైలు పట్టాలకో పోతుంది. పేపర్లో చదివేది చాలదా? మా చెల్లెలు కూడా ఇంటర్. తను చదివే కథలో అమ్మాయి బతికి ఉండాలి, వెనక్కి పోవడానికి దానికో సముద్రం ఉండాలి. అందుకే తోక ఉండనివ్వమంటున్నాను. వాసన తీసెయ్యొద్దంటున్నాను.

ఇంటర్ సెకండియర్:
అక్కా, మీ చెల్లిని అడిగానని చెప్పండి.

వశిష్ఠగట్టు:
మొగలిపూలు అక్కడి ఇసుకదిబ్బల మీద పూస్తాయని పెట్టాను. ఊరికే పెట్టలేదు. నిజం చెప్పాలంటే చేపల వాసన అని రాస్తే "మత్స్యకారుల్ని కించపరిచింది" అని ఎవరైనా మీద పడతారేమోనని టెన్షన్.

గౌతమిపాయ:
పడతారు.

పాలకొల్లు మాస్టారు:
అబ్బాయి ముక్కుతో రాస్తే పడతారు. అమ్మాయి ముక్కుతో రాయండి. ఒడ్డు మనుషులు ఆమెకి ఎలాంటి వాసన కొడతారు? కొబ్బరినూనె, పశువుల పాక, అగరొత్తులు, బాబాయి జేబులో చుట్ట. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ముక్కు మూసుకోవాల్సింది ఆమె కదా.

పల్లిపాలెం:
ఇది బాగుంది మాస్టారూ. రాత్రంతా వలలో పడ్డ సరుకు ఏరి వచ్చిన మా నాన్నకి ఊళ్లోవాళ్ల సెంటు వాసనకి తలనొప్పి వచ్చేది.

కాకినాడకాజా:
ముక్కు ఎవరిదైనా నేను మాత్రం ఒప్పుకోను. కనీసం ఆ నాయనమ్మ ఇంటిపేరైనా రాయండి. ఇంటిపేరు వింటే మన వైపు ఎవరికైనా మిగతాదంతా తెలిసిపోతుంది.

వశిష్ఠగట్టు:
ఇంటిపేరు రాస్తే ఆ ఇంటిపేరువాళ్లు పొద్దున్నే మా గేటు దగ్గర ఉంటారండీ.