సబ్సిడీ వస్తుందని యూనిట్ పెట్టడం తెలివా, తెలివితక్కువా? ఆత్రేయపురం వైపు వాళ్లు చెప్పండి

గౌతమిగట్టు:
మాది ఆత్రేయపురం పక్క ఊరు. మా వదిన డ్వాక్రా గ్రూపులో పది మంది ఉన్నారు, అందులో ఆరుగురు పూతరేకులు తీస్తారు. రేకులు తీసి షాపులకు వేస్తారు. నెయ్యి రాసి, బెల్లమో పంచదారో వేసి చుట్టి డబ్బాలో పెట్టేది షాపువాళ్లు. డబ్బంతా ఆ చుట్టిన దగ్గరే ఉంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పటి నుంచి ఊళ్లో అందరికీ సొంత బ్రాండు మీదకి మనసు పోయింది.

ఇప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, పీఎంఎఫ్‌ఎంఈ అని చిన్న ఫుడ్ యూనిట్లకి కేంద్రం పెట్టిన పథకం ఉంది, దాని కింద 12 లక్షల ప్రాజెక్టు పెట్టిస్తానండి, 35 శాతం సబ్సిడీ, 4 లక్షల 20 వేలు ఫ్రీ అంటున్నాడు. వదిన సరే అంటోంది, అన్నయ్య వద్దంటున్నాడు. ఆ సబ్సిడీ మాట వినకపోతే 12 లక్షల ఆలోచన మా ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. నన్ను పీకుతున్నది అదే. సబ్సిడీ చూసి వ్యాపారంలో దిగొచ్చా?

బ్యాంకుబాబాయ్:
ముప్పై ఏళ్లు లోన్ల సీట్లోనే కూర్చున్నాను, ఇప్పుడు రిటైరయ్యాను. ముందు ఆ "ఫ్రీ" సంగతి చూద్దాం. 12 లక్షల్లో పది శాతం, అంటే లక్షా 20 వేలు మీరు పెట్టుకోవాలి. మిగతా 10 లక్షల 80 వేలు బ్యాంకు ఇస్తుంది. 4 లక్షల 20 వేల సబ్సిడీ మీ చేతికి రాదు. మీ లోన్ పక్కనే ఒక ఖాతాలో ఉంటుంది, అంతమేరకు మీకు వడ్డీ పడదు. మూడేళ్లు వాయిదాలు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటే అప్పుడు అప్పులో జమ వేస్తారు. మధ్యలో మూతపడితే మొత్తం అప్పు మీ నెత్తినే.

కాబట్టి మీ మీద ఉండే అసలు బరువు 6 లక్షల 60 వేలు. దాని వాయిదా పూతరేకుల మీద వస్తుందా రాదా అన్నదే లెక్క. వస్తే దిగండి. రాకపోతే 35 కాదు, 50 శాతం ఇచ్చినా వద్దు.

పీచుమిల్లు:
బాబాయ్ గారూ, లెక్క కరెక్టే గానీ మీరు మరీ భయపెడుతున్నారు. మాది అంబాజీపేట దగ్గర. మా ఆవిడ పేరున పీఎంఈజీపీలో (కొత్త యూనిట్లకి లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) కొబ్బరి పీచు మిల్లు పెట్టాం, 25 లక్షల ప్రాజెక్టు. పల్లెలో ఆడవాళ్లకి 35 శాతం, అంటే 8 లక్షల 75 వేలు. సొంత వాటా ఐదు శాతమే, లక్షా పాతిక. ఆ లక్షా పాతికకే ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. సబ్సిడీ లేకపోతే మాలాంటి వాళ్లకి 25 లక్షలు ఎవరిస్తారండి? డబ్బున్నవాడు ఏ పథకం లేకపోయినా పెడతాడు. మేం సబ్సిడీ చూసే దిగాం. చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

"ముందు చిన్నగా నడిపి చూసుకో, తర్వాత సబ్సిడీ అడుగు" అని అందరూ సలహా ఇస్తారు. పీఎంఈజీపీలో అది కుదరదు. ఆ 35 శాతం కొత్త యూనిట్‌కే ఇస్తారు, నడుస్తున్నదానికి ఇవ్వరు. పీఎంఎఫ్‌ఎంఈలో ఆ బాధ లేదు, నడుస్తున్నవాటికీ ఇస్తారు.

వశిష్ఠతీరం:
గురూగారూ, మీరు దిగకముందు ఏం చేసేవారు?

పీచుమిల్లు:
తొమ్మిదేళ్లు వేరేవాళ్ల మిల్లులకి కొబ్బరి డొక్కలు తోలాను. ఎవరు ఎంతకి కొంటారో, వానాకాలం పీచు ఆరక ఎన్ని రోజులు మిల్లు ఆగుతుందో అప్పుడే తెలిసింది.

వశిష్ఠతీరం:
మరదే కదండీ నేననేది! మీరు దిగింది ఆ తొమ్మిదేళ్లు చూసుకుని. మా చిన్నమామయ్య కొబ్బరి చెట్టు ఎక్కడం తప్ప ఏమీ తెలియనివాడు. ఆయన చేత ఒక మధ్యవర్తి నూనె మిషన్లు కొనిపించాడు. ఏ మిషన్లు కొనాలో కొటేషన్ ఇచ్చినవాడే చెప్పాడు, అవి అమ్మిందీ వాడి బావమరిదే. బజారు రేటు కంటే ఎంత ఎక్కువ వేశాడో తర్వాత తెలిసింది. ఆ మిషన్ల మీద ఇప్పుడు బరకం కప్పి ఉంది, బరకం మీద కోళ్లు. వాయిదా మాత్రం నెలనెలా గుర్తుపెట్టుకుని మరీ వస్తుంది. సబ్సిడీ లేకపోతే ఆయన ఈపాటికి హాయిగా చెట్లెక్కుతూ ఉండేవాడు.

ఊరిచెరువు:
యూనిట్లకే కాదండి, ఊరికొచ్చే డబ్బుదీ ఇదే కథ. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో మా ఊళ్లో ఒక కంపెనీ మంచినీళ్ల ప్లాంటు కట్టించింది. రిబ్బను కట్ చేసిన ఫొటో పంచాయతీ గోడ మీద ఇంకా ఉంది. ప్లాంటు కట్టడానికి డబ్బొచ్చింది గానీ ఫిల్టర్లు మార్చడానికి రాలేదు. టిన్నుకి ఐదు రూపాయలు పెడదామంటే "ఉచితంగా వచ్చిన ప్లాంటుకి డబ్బులేంటి" అని గొడవ. ఇప్పుడు అందులో ధాన్యం బస్తాలున్నాయి.

పీచుమిల్లు:
నీళ్ల ప్లాంటుకీ పూతరేకులకీ లంకె ఏంటండీ. ఆయన అడిగింది వేరు.

నాగమల్లి:
ఇంతసేపు మగవాళ్లే మాట్లాడుకున్నారు. నేను పన్నెండేళ్లుగా రేకులు తీస్తున్నాను, మా గ్రామ సంఘంలో లెక్కలు కూడా రాస్తాను. గౌతమిగట్టు తమ్ముడూ, 12 లక్షల ప్రాజెక్టులో ఏం మిషన్లు రాశాడు ఆయన?

రేకు తీయడానికి కావలసింది బోర్లించిన కుండ, కింద మంట, బియ్యప్పిండి నీళ్లు, ఒక గుడ్డ. గుడ్డ ముంచి కుండ మీద ఇలా లాగితే రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే పెళుసెక్కుతుంది, తగ్గితే కుండకి అతుక్కుంటుంది. నేను చేతి వెనక వైపు కుండకి దగ్గర పెట్టి వేడి చూస్తాను. దానికి మీటరు లేదు. ఇందులో 12 లక్షల మిషన్ ఎక్కడ పెడతారు?

మాకు లేనిది మిషన్ కాదు. నెయ్యి ఒకేసారి కొనే డబ్బు లేదు, మంచి డబ్బాలు లేవు, వానలో కుండ పెట్టుకునే షెడ్డు లేదు. అదే పీఎంఎఫ్‌ఎంఈలో ఫుడ్ పని చేసే డ్వాక్రా సభ్యులకి మనిషికి 40 వేల వరకు సీడ్ క్యాపిటల్ ఉంది, చిన్న సామానుకీ సరుకు కొనడానికీ. మీ ఆరుగురికీ కలిపి 2 లక్షల 40 వేలు. అది ఆయన చెప్పలేదా? చెప్పడు, అందులో ఆయనకి మిగిలేదేం లేదుగా.

బ్యాంకుబాబాయ్:
నాగమల్లి గారు చెప్పింది అసలైన మాట. నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఆ సీడ్ క్యాపిటల్ డ్వాక్రా గ్రూపుల సమాఖ్యకి గ్రాంటుగా వస్తుంది, సభ్యులకి సమాఖ్య అప్పుగా ఇస్తుంది. తిరిగి కట్టాలి.

నాగమల్లి:
కడతాం బాబాయ్ గారూ, మాకు కట్టడం అలవాటే. కట్టిన డబ్బు మళ్లీ మా సంఘాల్లోనే ఇంకొకరికి తిరుగుతుంది.

బ్యాంకుబాబాయ్:
ఇంకోటి. ఈ పథకంలో ఫైలు తయారు చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్లకి డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి కూడా ఫీజు లేదు. మీ ఇంటికొచ్చినాయన ఏమైనా అడిగాడా?

గౌతమిగట్టు:
అడిగాడండి. ఫైలుకి 15 వేలు, శాంక్షనయ్యాక సబ్సిడీలో పది శాతం.

వశిష్ఠతీరం:
ఆయ్! మా మామయ్య దగ్గరకి వచ్చింది వీడే అయ్యుంటాడు.

పీచుమిల్లు:
దళారి దొంగ అయితే పథకం చెడ్డదైపోదండి. మీ వదిన గారి బ్రాండు నిలబడితే రెండేళ్లకి షెడ్డు, ప్యాకింగ్ మిషన్ కావాలి. 35 శాతం అప్పుడు వదులుకుంటారా? నేనైతే ఇప్పుడే పెట్టేస్తాను. పథకాలు ఎప్పుడూ ఉండవు.

గౌతమిగట్టు:
రాత్రి వదినకి ఇదంతా చదివి వినిపించాను. ఆయన ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు తీసి చూశాం. 12 లక్షల్లో "ఆటోమేటిక్ రేకు మిషన్" ఒక్కదానికే 7 లక్షలు వేశాడు. వదిన చాలాసేపు నవ్వింది. తర్వాత, "ఆ మిషన్ రేకు తీస్తే నేనెందుకు?" అంది.

అన్నయ్య ఇంకా ఏ అప్పూ వద్దనే అంటున్నాడు. గ్రూపులో ఇద్దరు పెద్ద లోనే కావాలంటున్నారు, తేలలేదు. సోమవారం ఆరుగురూ కలిసి సమాఖ్య ఆఫీసుకి వెళ్తున్నారు, 40 వేల సంగతి అడగడానికి. నాగమల్లి అక్కా, పది రేకులు పట్టే అట్టపెట్టె మీరు ఎక్కడ కొంటారు? వదిన అడగమంది.

నాగమల్లి:
రాజమండ్రిలో. వంద పెట్టెలకి తక్కువ ఇవ్వరు, ముందు వంద చాలు. ఫుడ్ లైసెన్సు నంబరు వచ్చాకే ప్రింటు వేయించమను. మేం తొందరపడి రెండు వందల పెట్టెలు పారేశాం.