ముందు సీసీ రోడ్డా, డ్రైనేజీనా? 30 అడుగుల వీధి, 40 ఇళ్లు

కాలనీవాసి: ఉప్పల్ వైపు పాత లేఅవుట్. వీధి పొడవు 300 మీటర్లు, రెండువైపులా కలిపి 40 ఇళ్లు. కాలనీ బాగుకు సంఘం చేసిన తీర్మానం: ఈ ఏడు సీసీ రోడ్డు, ఫుట్‌పాత్. నిధులొస్తే వచ్చే ఏడు కొత్త డ్రైనేజీ లైను. ఈ వరస సరైందేనా?

లెవెల్‌రాడ్: తలకిందుల వరస. సీసీ పోశాక పైపు వేయాలంటే రోడ్డు కోయాలి. పూడ్చేటప్పుడు మట్టిని 200 మి.మీ. పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టాలి. జరిగేదేమో ట్రాక్టరు మట్టి ఒకేసారి కుమ్మరించడం, ఒక్క వానాకాలానికే కుంగడం. ముందు లెవెళ్లు చూడండి. 200 మి.మీ. పైపులో మడ్డి పేరుకోకుండా ఉండాలంటే మురుగు సెకనుకు 0.6 మీటర్లయినా పారాలి. 250కి 1 వాలు పెడితే ఆ వేగం వస్తుంది, అంటే 300 మీటర్లకు 1.2 మీటర్లు దిగాలి. చివర్లో మెయిన్ లైను అంత లోతులో ఉందా? మేన్‌హోల్ మూత తీసి కొలిచారా?

ర్యాంపులు_కొట్టాలె: పైపు సరే సార్, ర్యాంపుల సంగతేంది? గేటు దాటి నాలుగడుగులు రోడ్డు మీదికొచ్చినయ్. అవి కొట్టకుండ ఫుట్‌పాత్ యాడ ఏస్తరు? ఐఆర్‌సీ 103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఫుట్‌పాత్ మార్గదర్శకాలు) ప్రకారం నడిచేందుకు 1.8 మీటర్లు ఖాళీగ ఉండాలె.

లెవెల్‌రాడ్: 30 అడుగులంటే 9.14 మీటర్లు. రెండువైపులా 1.8 తీస్తే 5.5 మిగులుతుంది. ఒక వరస కార్లకు 2 పోతే 3.5. ఎదురెదురుగా రెండు బండ్లొస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఒకవైపే ఫుట్‌పాత్ వేయండి, ఎత్తు 150 మి.మీ. దాటనివ్వకండి.

ర్యాంపులు_కొట్టాలె: ఒకవైపంటే ఏ వైపు? మా వైపేనా?

చాయ్‌బండి: ఇగ షురూ.

లెవెల్‌రాడ్: ర్యాంపులెందుకు పెరిగాయో కూడా అడగండి. పాత పొర చెక్కకుండా తారు మీద తారు, వేసినప్పుడల్లా 40 మి.మీ. రోడ్డు లేచింది, నీళ్లు గేట్లోకొచ్చాయి, జనం గడప లేపారు. అడుగు ఎత్తుకు 8 అడుగుల ర్యాంపు కావాలి. గేటు లోపల ఆ జాగా ఎవరూ వదల్లేదు, అది ఒప్పుకుంటా.

వాననీరు: అసలు దొంగను అందరూ వదిలేశారు. డాబా గొట్టాలు మేన్‌హోళ్లలో కలిపారు కదా, లెక్కేయండి. 120 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 50 మి.మీ. పడితే 6,000 లీటర్లు. 40 ఇళ్లకు 2.4 లక్షలు, సెకనుకు 67 లీటర్లు. లెవెల్‌రాడ్ గారి పైపు నిండుగా పారినా మోసేది 20. వాన నీటికి వేరే కాలువ లేకపోతే కొత్త పైపు కూడా పొంగుతుంది. ఎవరు కలిపారో తెలియాలంటే డాబా మీద రంగునీళ్లు పోసి, కింద మూత తీసి చూడాలి. ఏ మూత ఎప్పుడు పొంగిందో ఇంటింటికీ వెళ్లి అడగండి, అద్దెవాళ్లను కూడా.

ర్యాంపులు_కొట్టాలె: అద్దెకున్నోళ్లనా? చందా కట్టేది ఓనర్లం. వాళ్లు రేపు ఖాళీ చేసి పోతరు.

గ్రౌండ్‌ఫ్లోర్: మేన్‌హోల్ నిండితే మురుగు ముందు తన్నుకొచ్చేది కింది బాత్రూం నహానీ ట్రాప్‌లోంచి, అంటే నేల మీద నీళ్లు పోయే జాలీలోంచి. కింద ఉండేది అద్దెవాళ్లు. ఓనరు పైఅంతస్తులో ఉంటాడు కాబట్టే ఆయనకు రోడ్డు ముందు, డ్రైనేజీ తర్వాత. ఓనర్లు నలుగురు కూర్చుని రాసుకున్నది కాలనీ తీర్మానం ఎట్లయితది?

ర్యాంపులు_కొట్టాలె: మాటలు మర్యాదగ రానియ్. పైసలు పెట్టేటోడే తేలుస్తడు.

లెవెల్‌రాడ్: సంఘం చందా సంఘానిది. రోడ్డుకూ పైపుకూ వచ్చేది ప్రజల డబ్బు. వార్డు కమిటీల గురించి చెప్పే రాజ్యాంగ 243ఎస్ అధికరణలో ఇల్లు సొంతమై ఉండాలన్న షరతు లేదు. వార్డు ఓటర్ల జాబితాలో అద్దెవాళ్లూ ఉంటారు.

కాలనీవాసి: నిజం చెప్పాలంటే ఆ మీటింగుకు అద్దెవాళ్లను పిలవలేదు. మళ్లీ పెడతాం, ఈసారి రాత్రి 8కి. ముందు మెయిన్ లైను లోతు కొలిపిస్తాం.

ర్యాంపులు_కొట్టాలె: ర్యాంపుల గురించి ఇంకా ఎవ్వరూ జవాబియ్యలే.