బీచ్ పక్క ఫ్లాట్‌లో ఏసీకి ఏటా గ్యాస్ నింపాల్సిందేనా? ఇంట్లో మనం చేసుకోగలిగే సర్వీసింగ్ ఎంత?

లాసన్స్‌బే_నాలుగో_అంతస్తు:

అందరికీ నమస్కారం. మాది విశాఖ. 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్-32 గ్యాస్, బిగించి మూడేళ్లు. అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీ పక్క గోడకి బ్రాకెట్ మీద ఉంది, ఎదురుగా సముద్రమే. నిరుడు ఏప్రిల్లో గ్యాస్ తక్కువుందని నింపారు. ఈ ఏప్రిల్లో మళ్లీ అదే మాట. "బీచ్ దగ్గర ఏడాదికోసారి గ్యాస్ మామూలే సార్" అంటున్నాడు వచ్చిన కుర్రాడు. నిజమేనా? దీనికి తోడు ఇండోర్ ఎడమ మూల నుంచి గోడ మీదకి నీళ్లు కారుతున్నాయి. ఆన్ చేయగానే ఓ పది నిమిషాలు తడిగుడ్డ వాసన. కారు కడిగే ప్రెషర్ వాషర్ ఇంట్లో ఉంది, దాంతో నేనే కడిగేసుకోవచ్చా? ఏది చేసుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు చెప్పండి.

రాగిగొట్టం:

మామూలు కాదండి. ఏసీలో గ్యాస్ వాడితే ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ మూసిన గొట్టాల్లో పదేళ్లయినా తిరుగుతూనే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉంది. కన్నం వెతక్కుండా నింపితే ఆ డబ్బులు గాల్లో కలిసినట్టే.

ముందు మీరే చూడగలిగినది ఒకటి. ఏసీ 15 నిమిషాలు నడిచాక, బాల్కనీలో నేల మీద నిలబడి కనిపిస్తేనే, అవుట్‌డోర్ పక్కన రెండు రాగి గొట్టాలు కలిసే వాల్వుల దగ్గర చూడండి. లావు గొట్టానికి చెమట పట్టడం మంచిదే. సన్న గొట్టం వాల్వు మీద తెల్లగా మంచు గడితే గ్యాస్ తక్కువైనట్టు. నట్టు చుట్టూ జిడ్డుగా దుమ్ము అంటుకుని ఉంటే లీకు అక్కడే, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కాస్త బయటికొస్తుంది. గిన్నెల సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తాయి.

మన దగ్గర లీకులు ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి ఫ్లేర్ నట్టు, అంటే గొట్టం అంచుని గరాటులా విప్పి (అదే ఫ్లేర్) వాల్వుకి బిగించే నట్టు. బిగించేవాళ్లు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా) వాడరు, బలం కొద్దీ తిప్పుతారు. పావు అంగుళం నట్టుకి 14 నుంచి 17 న్యూటన్ మీటర్లు, అరంగుళం దానికి 50 నుంచి 60 చాలు. అంతకు మించితే గొట్టం అంచు పల్చబడి పగులుతుంది. రెండోది ఇండోర్ కాయిల్, అంటే లోపలి యూనిట్లో గాలిని చల్లబరిచే రాగి గొట్టాల చుట్ట. గాలిలో తేమకి ప్లైవుడ్ జిగురు, పెయింట్ల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు తోడై రాగిలో కంటికి కనపడని సొరంగాలు తొలుస్తాయి. పుట్టలో చీమల దారుల్లా ఉంటాయి కాబట్టి దీన్ని చీమలపుట్ట తుప్పు అనే అంటారు. కొత్తగా కప్‌బోర్డులు చేయించిన గదుల్లో మూడో ఏటికే కాయిల్ పోవడానికి ఇదో కారణం.

సరైన పని ఇలా ఉండాలి: మిగిలిన గ్యాస్ గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగాలి, నైట్రోజన్ ఎక్కించి గేజి ముల్లు కనీసం గంట కదలకుండా ఉందో లేదో చూడాలి, లీకు బాగుచేయాలి, వాక్యూమ్ పంపు పెట్టి 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడికి కొలత) కిందికి లాగి పంపు ఆపాక పైకి పోకుండా చూడాలి, ఆపైన నేమ్‌ప్లేట్ మీద ఎన్ని గ్రాములుంటే అన్ని తూకం వేసి ఎక్కించాలి. తూకం యంత్రం లేకుండా వచ్చినవాడు గ్యాస్ పని చేయడానికి రాలేదు.

ఇంకొకటి, ప్రాణం మీదికొచ్చే విషయం. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ పెట్టి ప్రెషర్ పట్టే బుద్ధిమంతులు ఇంకా ఉన్నారు. లోపల ఆయిల్, వేడి, ఆక్సిజన్ కలిస్తే కంప్రెసర్ బాంబులా పేలుతుంది. ఆ సిలిండర్ కనిపిస్తే పని ఆపించేయండి.

ఉప్పుగాలి:

కారు వాషర్ వద్దండి బాబూ. దాని ఒత్తిడి వంద బార్ పైమాటే, అల్యూమినియం ఫిన్లు (గాలి ఆడే పల్చటి రేకులు) పేపర్లా వంగిపోతాయి. వంగిన ఫిన్ల మధ్య గాలి ఆడదు, కంప్రెసర్ వేడెక్కుతుంది. కుళాయికి మామూలు పైపు పెట్టి చల్లండి, చాలు.

బీచ్ వైపు ఇళ్లకి అసలు సర్వీసింగ్ ఇదే: మంచినీళ్లతో ఉప్పు కడగడం. కండెన్సర్‌లో, అంటే అవుట్‌డోర్ కాయిల్‌లో, ఫిన్లు అల్యూమినియం, గొట్టం రాగి. రెండింటి మధ్య ఉప్పు తడి చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినేస్తుంది. గొట్టం పక్కన ఫిన్లు తెల్లపొడిగా రాలుతుంటే అదే. నెలకోసారి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం సముద్రపు గాలి గట్టిగా కొట్టే రోజుల్లో 15 రోజులకోసారి కడగండి. ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఏసీ లైను బ్రేకర్) ఆఫ్ చేసి, పది నిమిషాలాగి, పై నుంచి కిందికి, ఫిన్లకి ఎదురుగా నిలువుగా. పక్కవాటుగా కొట్టొద్దు. వాల్వులూ కరెంటు వైర్లూ ఉన్న పక్క కవరు మీద నీళ్లు పోయొద్దు. పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి.

ఇదంతా బాల్కనీ లోపల నేల మీద నిలబడి చెయ్యి అందితేనే. రైలింగ్ ఎక్కడం, సజ్జ మీద కాలు పెట్టడం చేయొద్దు. అందకపోతే సేఫ్టీ బెల్టు కట్టుకునే మనిషిని పిలవండి. బెల్టు తేకుండా వచ్చినవాణ్ని కూడా ఎక్కనివ్వకండి.

బ్రాకెట్ సంగతి మర్చిపోకండి. గోడ మీద బోల్టు కింద ఎర్రగా చార కనపడితే లోపల తుప్పు మొదలైంది. యూనిట్ 25, 30 కిలోలు ఉంటుంది, కింద మనుషులు నడుస్తారు. మామూలు రంగేసిన ఇనుప బ్రాకెట్ మన తీరంలో ఎక్కువ కాలం ఆగదు. స్టెయిన్‌లెస్ స్టీలు బ్రాకెట్, 316 గ్రేడు (ఉప్పుకి తట్టుకునే స్టెయిన్‌లెస్ రకం) బోల్టులు వేయించుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలి ఎలా కొట్టిందో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

చలికాలంలో అవుట్‌డోర్ చుట్టూ ప్లాస్టిక్ కవర్ చుట్టేస్తుంటారు, అదొక పొరపాటు. తేమ లోపలే ఉండిపోయి తుప్పు ఇంకా పెరుగుతుంది.

ఎంవీపీ_సెక్టార్8:

నీళ్లూ వాసనా రెంటికీ మూలం ఒకటే. ట్రేలో, డ్రెయిన్ పైపులో జిగురులా పాచి పేరుకుంది. విశాఖ తేమకి 1.5 టన్ను ఏసీ రోజుకి బకెట్ నీళ్లు తేలిగ్గా తీస్తుంది, దారి మూసుకుంటే గోడ మీదకే.

ముందు డ్రెయిన్ పైపు చివర ఎక్కడుందో చూడండి. చాలామంది బకెట్‌లో పెడతారు. బకెట్ నిండి పైపు చివర నీళ్లలో మునిగితే గాలి ఆడక నీరు వెనక్కి తంతుంది. ఆ చివర తడిపీల్చే వాక్యూమ్ క్లీనర్ పెట్టి ఒక నిమిషం లాగండి, పాచి ముద్దలా ఊడొస్తుంది. పైపులో ఎక్కడా కిందికి జారిన వంపు ఉండకూడదు, మీటరుకి కనీసం సెంటీమీటరు వాలు ఉండాలి. ఎడమ మూల నుంచే కారుతోందంటే ఇండోర్ డ్రెయిన్ ఉన్న వైపుకి కాకుండా అటు వాలిందేమో, లెవెల్ కూడా చూడండి.

ఫిల్టర్లు 15 రోజులకోసారి. దుమ్ము పట్టిన వైపు నుంచి కాక వెనక నుంచి నీళ్లు పోయండి, లేకపోతే దుమ్ము జాలీలోకి దిగబడుతుంది. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే ఫ్రేమ్ వంకర తిరుగుతుంది.

కాయిల్ మీద బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ నీళ్లు, వెనిగర్ ఏవీ చల్లకండి. వీడియోల్లో వెనిగర్ చిట్కా తెగ తిరుగుతోంది. రాగిగొట్టం గారు చెప్పిన చీమలపుట్ట తుప్పుకి అదే మేత. లీటరు నీళ్లలో చెంచాడు గిన్నెల సబ్బు చాలు, ఆపైన మంచినీళ్లు. రాత్రి ఆపే ముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరి వాసన చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే బ్లోయర్ చక్రం రెక్కల్లో నల్లగా పేరుకుని ఉంటుంది. అది విప్పి కడగాలి, మెకానిక్ పనే.

గాజువాక_వైరింగ్:

ఒక్క మాట. రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, ఎంసీబీ దించాలి. ఇన్వర్టర్ అవుట్‌డోర్ బోర్డు మీద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది, కరెంటు తీసేశాక కూడా కొన్ని నిమిషాలు కొడుతుంది. ఆ కవరు మీరు తెరవొద్దు.

16 ఆంప్స్ ప్లగ్ తీసి పిన్నులు చూడండి. మసిబారి ఉంటే, ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి ఉంటే సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి. బీచ్ ఇళ్లలో పిన్నులకి పచ్చటి చిలుము పట్టి వదులై వేడెక్కుతాయి. విడిగా లైను, 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గని రాగి తీగ, ఎర్త్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే బ్రేకర్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ వద్దు.

దొండపర్తి_కూల్:

ఏటా ఒకసారి గేజి పెట్టి ప్రెషర్ చూపించుకుంటే మంచిది కదా, ముందే తెలుస్తుంది?

రాగిగొట్టం:

వద్దండి. గేజి పెట్టిన ప్రతిసారీ కాస్త గ్యాస్ పోతుంది, వాల్వు పిన్ను రబ్బరు అరుగుతుంది. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, ఆ ప్రెషర్ అంకె చూసి గ్యాస్ ఎంతుందో చెప్పలేం. బదులుగా పది రూపాయల పని: ఇండోర్ లోపలికి పోయే గాలి, బయటికొచ్చే గాలి థర్మామీటరుతో కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. ఫిల్టర్ కడిగాక కొలవండి, మర్చిపోకండి.

లాసన్స్‌బే_నాలుగో_అంతస్తు:

చూశానండి. సన్న గొట్టం వాల్వు మీద మంచు ఉంది. నట్టు కింద జిడ్డు, నురుగు రాస్తే చిన్న చిన్న బుడగలు. గాలి తేడా 5 డిగ్రీలే. డ్రెయిన్ చివర బకెట్‌లో మునిగే ఉంది, తీసేశాక కారడం ఆగింది. ఇప్పుడు ఆ నట్టు నేను కాస్త బిగించనా?

రాగిగొట్టం:

బిగించొద్దు. అంచు పగిలి ఉంటే బిగించే కొద్దీ ఇంకా పగులుతుంది. ఆర్-32 కొద్దిగా మండే గ్యాస్ కూడా. గదిలోకి లీకైతే గాలి కంటే బరువు కాబట్టి నేల దగ్గరే ఉంటుంది. అలాంటప్పుడు కిటికీలు తీయాలి, దీపం, అగరొత్తి వెలిగించకూడదు. మీది బయటి లీకు, కంగారు లేదు. ఏసీ ఆపి ఉంచండి, గ్యాస్ తక్కువతో నడిపితే కంప్రెసర్ వేడెక్కి చెడుతుంది.

మెకానిక్‌కి ఫోన్లో మూడు మాటలు చెప్పండి: పాత ఫ్లేర్ కోసేసి కొత్తది తీయాలి, నైట్రోజన్ తేవాలి, తూకం తేవాలి. గ్యాస్ ఉండగా గొట్టం దగ్గర మంట వెలిగించకూడదు. నట్టు దగ్గర గొట్టంలో రెండంగుళాలు అదనం లేకపోతే కొత్త ముక్క అతకాల్సి వస్తుంది, దానికి ముందే ధర మాట్లాడుకోండి.