డ్యూటీ రోస్టరును సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవచ్చునా?

గణకుడు: షిఫ్టుకు నలుగురు నర్సులు, రోజుకు మూడు షిఫ్టులు అనుకుంటే వారానికి 84 డ్యూటీలు పంచాలి. రాత్రి డ్యూటీ దిగిన మనిషిని వెంటనే ఉదయం డ్యూటీకి వేయరాదన్న తప్పనిసరి నిబంధనలకు, కోరిన రోజున సెలవివ్వాలన్న ఐచ్ఛిక నిబంధనలు తోడైతే ఇది ఎన్‌పీ-హార్డ్ సమస్య అవుతుంది, అంటే పరిమాణం పెరిగేకొద్దీ అత్యుత్తమ పరిష్కారం వెతకడం కంప్యూటర్‌కైనా విపరీతంగా కష్టమయ్యే రకం. హెడ్ నర్సు పెన్సిలుతో తంటాలు పడటం కంటే, ఐచ్ఛిక నిబంధన తప్పిన ప్రతిచోటా జరిమానా పాయింట్లు వేసి మొత్తాన్ని తగ్గించే సాఫ్ట్‌వేరే న్యాయం; దానికి అయినవారూ కానివారూ ఉండరు.

వార్డు సిస్టర్: గణకుడు గారూ, సాయంత్రం డ్యూటీ రాత్రి 9కి ముగిసి, ఉదయం డ్యూటీ 7కి మొదలైతే కాగితం మీద 10 గంటల విరామం. తర్వాతి షిఫ్టు వారికి రోగుల వివరాలు అప్పగించి (హ్యాండోవర్), మత్తుమందుల ఆంపూల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు) లెక్క సరిచూసి సంతకం పెట్టేసరికి పదవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే 12 గంటలు సిఫారసు చేసింది.

గణకుడు: పని వేళలపై 2003 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం ప్రకారం మేము తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో 11 గంటలు పెట్టాము. 12 కావాలంటే ఒక అంకె మారిస్తే సరిపోతుంది.

బాటసారి: ఉదయం, సాయంత్రం, రాత్రి అని ముందుకే తిప్పితే ఈ గొడవే ఉండదు.

వార్డు సిస్టర్: గణకుడు గారూ, మీకది అంకె, మాకది నిద్ర.

రాత్రిగువ్వ: పెళ్ళి కాలేదన్న ఒక్క కారణంతో మూడేళ్ళు ప్రతి పండుగకూ నాకే రాత్రి డ్యూటీ పడింది. వేసింది సాఫ్ట్‌వేర్ కాదు సిస్టర్ గారూ, పెన్సిలే.

వార్డు సిస్టర్: ఆ పెన్సిలు పట్టుకునేది నాలాంటివాళ్ళమే, ఒప్పుకుంటాను. అయితే 84 డ్యూటీలకు మనిషికి ఆరు చొప్పున, ఎవరూ సెలవు పెట్టకపోయినా 14 మంది కావాలి. నాకున్నది 12 మంది, వారిలో ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఇక రోస్టరు వేయడమంటే ఈ వారం ఎవరి ఉసురు పోసుకోవాలో తేల్చుకోవడమే.

గణకుడు: ఆ లెక్క ఇస్తే సాఫ్ట్‌వేర్ పరిష్కారం లేదని తేల్చి చెబుతుంది. పెన్సిలు ఏనాడూ కుదరదని చెప్పలేదు కదా?

వార్డు సిస్టర్: మా దగ్గరా మొదట అలాగే చెప్పింది. మర్నాటికి ‘పరిష్కారం లభించింది’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. చూస్తే వారపు సెలవును తప్పనిసరి జాబితా నుంచి ఐచ్ఛికంలోకి దించారు. మీ సాఫ్ట్‌వేర్‌లో అలా దించే అధికారం ఎవరికి ఇచ్చారు?

గణకుడు: పరిపాలనాధికారికి. ఏది ఎప్పుడు మారిందో నర్సులు చూసే వీలు అందులో లేదు. పెట్టాలన్న ఆలోచన మాకు రాలేదు.