మార్చి, ఏప్రిల్ వలస సీజన్‌లో తిరుపతిలో గ్రూపు బర్డ్ వాక్: ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

తుమ్మలగుంట_నడక:

అందరికీ నమస్కారం. చలికాలపు పక్షులు ఉత్తరాదికి తిరిగి పోయే ఈ సీజన్‌లో మా కాలనీవాళ్ళు, పక్కనున్న డిగ్రీ కాలేజీ పిల్లలు కలిసి ఆదివారాలు పొద్దున పూట బర్డ్ వాక్ పెట్టాలనుకుంటున్నాం. పేర్లిచ్చినవాళ్ళు ముప్పై మంది. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్లలున్నారు, అరవై దాటిన పెద్దలూ ఉన్నారు. అందరివీ కలిపితే బైనాక్యులర్లు ఆరు.

ప్లాన్ ఇదీ: మొదటి వారం ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్, తర్వాత రాయలచెరువు, ఆ తర్వాత తలకోన, ఆఖర్న పులికాట్. అలిపిరి మెట్ల దారి కూడా కొందరు అడుగుతున్నారు. ఈ వరస సరిపోతుందా? ఏ పక్షుల కోసం చూడాలి? ఇంతమందిని ఎట్లా నడిపించాలి? పర్మిషన్లు ఎక్కడెక్కడ కావాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

భాకరాపేట_బైనాక్స్:

ప్లాన్‌లోనే అసలు చిక్కుంది. వారానికో చోటు తిరిగితే పిక్నిక్ బాగుంటుంది, వలస మాత్రం కనపడదు. విదేశాల వీడియోల్లో వసంత వలస అంటే ఒక్క పొద్దున చెట్టు నిండా కొత్త పక్షులు దిగుతాయి. మనది వాటి చలికాలపు మకాం. ఇక్కడ జరిగేది ఖాళీ చేసిపోవడం. పోయిన వారం ఉన్న పిట్ట ఈ వారం లేదని తెలియాలంటే అదే దారి, అదే టైము, అంతే సేపు ప్రతి వారం నడవాలి. కాబట్టి మార్చి రెండో ఆదివారం నుంచి ఏప్రిల్ ఆఖరి ఆదివారం దాకా క్యాంపస్‌లో ఒకే ఒకటిన్నర కిలోమీటరు దారి పట్టుకోండి. మిగతా చోట్లు అదనపు ట్రిప్పులుగా పెట్టుకోవచ్చు.

దారి ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. ఒకటి, కొండ వైపు తుప్పల అంచు. రెండు, ఎండుటాకులు పరుచుకున్న నీడ. మూడు, పూసిన చెట్టో పండిన చెట్టో. మార్చిలో మోదుగ, బూరుగ ఇంకా పూసి ఉంటే గులాబి గోరింకలు తేనె కోసం గుంపులుగా వాలతాయి. ఈ పాటికి పెద్దవాటికి వీపు, పొట్ట గులాబి రంగు తేరి, నల్ల జుట్టు స్పష్టంగా ఉంటుంది. మట్టిరంగులో ఉన్నవి పోయిన ఏడాది పిల్లలు. రావి, మర్రి, జువ్వి చెట్లలో పండు మాగినదాని కింద ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడితే కిలోమీటరు నడిచినదానికంటే ఎక్కువ కనపడతాయి.

ఇక పక్షులు. కంచెల్లో, తుప్పల్లో 'చెక్... చెక్' అని రాయి మీద రాయి కొట్టినట్టు వినపడేది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. రంగులో ఏ గుర్తూ లేని గోధుమ రంగు పిట్ట. ఏప్రిల్లో బయల్దేరే ముందు పాట మొదలుపెడుతుంది, అందులో వేరే పక్షుల కూతలు కలిపేస్తుంది. అది విని కొత్త పక్షి అనుకుని జాబితాలో ఎక్కించేవాళ్ళు చాలామంది. పై కొమ్మల్లో 'చిస్లీ' అనే రెండక్షరాల కూత గ్రీనిష్ వార్బ్లర్‌ది. కంటి మీద పసుపు తిరిగిన గీత చూసుకోండి. రెక్క మీది సన్న గీత సీజన్ చివరికి అరిగి కనపడకపోవచ్చు, అందుకే దాని మీద ఆధారపడొద్దు.

నీడలో నేల మీద నడుస్తూ తోకను పైకీ కిందకీ కాక పక్కలకు ఊపేది ఫారెస్ట్ వ్యాగ్‌టైల్. ఆ ఒక్క కదలిక చాలు, ఇంకేం అక్కర్లేదు. పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) కూడా ఎండుటాకుల్లోనే తిరుగుతుంది. రెండు ముక్కల ఈల తెల్లారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు వేస్తుంది, ఎండెక్కితే నోరు మెదపదు. ఏప్రిల్ చివరి దాకా వెతకొచ్చు. వంగపండు పిట్టల్లో (ఓరియోల్) తల మొత్తం నల్లగా ఉన్నది ఏడాది పొడుగునా ఉండేదే. ఒళ్ళంతా పసుపుగా ఉండి కంటి దగ్గర మాత్రం నల్ల గీత ఉంటే అది మన వైపు చలికాలపు చుట్టం. చలికాలానికి వచ్చే బ్రౌన్ ష్రైక్ ఒకే తుప్ప మీద సీజనంతా కాపురం పెడుతుంది. ఆ తుప్పకు నంబరు వేసుకోండి. అది ఖాళీ అయిన వారమే మీకు కావలసిన సమాచారం.

కోయిల గొంతు విప్పింది కదా అని వలస పక్షి అనొద్దు. అది ఇక్కడిదే, ఇప్పుడు కూత సీజన్ అంతే. వాగుల దగ్గర కంటి మీద తెల్ల కనుబొమ్మతో ఉండే నలుపు తెలుపు వ్యాగ్‌టైల్ కూడా స్థానికమే. చలికాలానికి వచ్చే గ్రే వ్యాగ్‌టైల్‌తో కలిపేయకండి.

చిత్తూరు_మామిడితోపు:

అన్న చెప్పినదాంతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. మనుషుల్ని నడిపించే సంగతి నేను చెప్తాను.

ముప్పై మంది ఒకే వరసలో నడిస్తే ముందున్న ఐదుగురికి తప్ప ఎవరికీ పిట్ట కనపడదు. పది మంది చొప్పున మూడు గుంపులు చేయండి. లీడర్లు ఇద్దరే ఉంటే ఇరవై మందిని పిలిచి, మిగతా పది మందిని వచ్చే వారానికి పెట్టండి. గుంపుకూ గుంపుకూ పదిహేను నిమిషాల ఎడం ఉండాలి. ముందు లీడరు, వెనక అందరి తర్వాత నడిచే మనిషి ఒకరు. ఆ వెనక మనిషిని పెట్టకపోతే పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు మెల్లగా జారిపోతారు, మీకు తెలిసేలోపు రెండు మలుపులు దాటి ఉంటారు.

టైము: మార్చి మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో, ఏప్రిల్ మధ్యకు ఆరు గంటలకు. ఐదు ముప్పావుకు గేటు దగ్గర చేరాలి, ఆరుకు నడక మొదలు. ఎనిమిదిన్నరకు ఆపేయండి. ఏప్రిల్లో తిరుపతి ఎండ నలభై దాటడం మామూలే, ఎనిమిదిన్నర తర్వాత పిట్టలూ నీడ పడతాయి, పిల్లలూ గోల మొదలుపెడతారు.

బైనాక్యులర్లు ఆరే అన్నారు కదా, గుంపుకు రెండు. కొత్తగా కొంటే 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) కొనండి. 10x50 గొప్పగా కనపడుతుందని కొంటారు గానీ బరువుకు చెయ్యి వణుకుతుంది, కనిపించే మేర తక్కువ, చెట్టులో కదిలే పిట్ట దొరకదు. నడకకు ముందు పది నిమిషాలు సర్దుకోవడం నేర్పండి. ముందు రెండు గొట్టాలను కళ్ళ ఎడానికి తగ్గట్టు ముడిచి ఒకే గుండ్రం కనపడేలా చేయాలి. తర్వాత కుడి కన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలను మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి తేటగా తెచ్చుకోవాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి తేట చేసుకోవాలి. ఆ పైన ఎప్పుడైనా మధ్య చక్రం ఒక్కటే. కళ్ళద్దాలున్నవాళ్ళు కంటి కప్పులు లోపలికి తిప్పాలి, లేనివాళ్ళు బయటికి. ఇద్దరు ముగ్గురు ఒకే బైనాక్యులర్ పంచుకుంటే కుడి రింగు ప్రతిసారీ మారిపోతుంది. అందుకని ఎవరి సెట్టింగు ఎక్కడుందో రింగు మీద సన్న మార్కర్‌తో చుక్క పెట్టుకోవచ్చు.

'కనపడలేదు సార్' అనేవాళ్ళలో సగం మంది చేసే పొరపాటు ఒకటే: బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాక పిట్టను వెతకడం. పిట్ట మీద చూపు కదలనివ్వకుండా దాన్ని కళ్ళ దగ్గరకు తేవాలి. చూపించే మనిషి 'అదుగో, ఆ కొమ్మ మీద' అంటే ఎవరికీ అర్థం కాదు. చెట్టును గడియారం అనుకుని 'బాదం చెట్టు, రెండు గంటల దగ్గర, ఎండిన కొమ్మ కింద' అనాలి. లేజర్ లైట్లు వద్దు.

పేరు ముందే చెప్పేయొద్దు. ఎంత సైజు, నేల మీదా కొమ్మ మీదా, తోక ఏం చేస్తోంది అని అడిగి ఆ తర్వాత చెప్పండి. లీడరు పేరు చెప్పిన మరుక్షణం అందరూ పిట్టను వదిలేసి ఫోన్ తీస్తారు.

తుమ్మలగుంట_నడక:

ఇద్దరికీ చాలా థాంక్స్. రూట్ ఒక్కటే పెట్టుకుంటాం. క్యాంపస్ బయట, ముఖ్యంగా తలకోన, అలిపిరి సంగతి ఎవరైనా చెప్తారా? చిరుత భయంతో రెండు కుటుంబాలు వెనక్కి తగ్గాయి.

కొండకింద_కాపలా:

అలిపిరి మెట్ల దారి బర్డ్ వాక్‌కు పనికిరాదు. నడిచి వెళ్ళే భక్తుల దారి అది, ఆగి పైకి చూస్తూ నిలబడే గుంపు అడ్డం అవుతుంది. పైగా 2023 ఆగస్టులో అక్కడ చిరుత చిన్నపాపను చంపిన తర్వాత పిల్లల విషయంలో టీటీడీ ఆంక్షలు కూడా పెట్టింది. వాళ్ళ భయం అనవసరమైంది కాదు. కొండ అంచున ఎక్కడైనా సరే, పూర్తిగా వెలుతురు రాకముందు తుప్పల్లోకి పోవద్దు. పిల్లలు లీడరు కంటే ముందుకు పరుగెత్తకూడదు, ఎవరూ ఒంటరిగా పక్కకు పోకూడదు. చిన్నపిల్లలు గుంపు మధ్యలో ఉండాలి.

శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా పోతే అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కొండ ఎక్కే కాలిదారి కనపడిందని పోవద్దు. ఎర్రచందనం అడవి కాబట్టి తెల్లవారుజామున గుంపుగా, సంచులతో, మిలటరీ చారల బట్టలతో తిరిగితే తనిఖీకి ఆపుతారు, ఆపాలి కూడా. బూడిద, ఖాకీ, మాసిన ఆకుపచ్చ బట్టలు చాలు, తెలుపు మాత్రం వద్దు. యూనివర్సిటీకి తేదీలు, మనుషుల సంఖ్య, దారి రాసిన లెటరు ముందే ఇచ్చి, ముద్ర వేసిన కాపీ లీడరు జేబులో పెట్టుకోండి. సెక్యూరిటీ వాళ్ళు షిఫ్టు మారితే ముందు రోజు చెప్పిన మాట కొత్తవాళ్ళకు తెలియదు, కాగితమే మాట్లాడాలి.

తలకోనకు గేటు దగ్గర టికెట్టు ఉంటుంది. గుడి, జలపాతం దారి వరకు ఎవరైనా పోవచ్చు, ఆ పైకి పోయే ట్రెక్కులకు ఫారెస్టు వాళ్ళను అడిగి వాళ్ళ మనిషితోనే వెళ్ళాలి. ఏనుగులు ఆ వైపు తిరుగుతున్నాయా అన్నది కూడా గేటు దగ్గరే కనుక్కోండి. ఆదివారం ఎంచుకోకండి, పది కాకముందే జనం, స్పీకర్లు. శనివారం తెల్లవారి భాకరాపేట దాటిపోయేలా బయల్దేరితే పెద్ద చెట్ల నీడలో ఫ్లైక్యాచర్లు, పొన్నంగి దొరికే అవకాశం ఎక్కువ.

చిరుత కంటే రోజూ ఎదురయ్యేది పెద్ద తేనెటీగ. తలకోన రాతి అంచులకు, పెద్ద చెట్లకు తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద ఆగొద్దు, సెంటు రాసుకుని రావొద్దు, పొగ, రాళ్ళు అసలే వద్దు. రేగితే నిలబడి చేతులు ఊపకుండా మొహం కప్పుకుని దూరంగా పరుగెత్తి కారులోకో గదిలోకో పోవాలి. నీళ్ళలో దూకితే పైకి లేచేదాకా అక్కడే కాచుకుంటాయి.

మనిషికి లీటరు నీళ్ళు, గుంపుకు నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, సగం నీళ్ళలో కలిపితే మంచికంటే చెడు ఎక్కువ. కోతులున్న చోట తిండి బయటికి తీయొద్దు.

పక్షిలెక్క:

జాబితా గురించి ఎవరూ ఎత్తలేదు, ఒకే దారి పదే పదే నడిచేది అందుకే కదా.

చూసిన పక్షుల జాబితా రాసుకునే ఈబర్డ్ యాప్‌లో గుంపుకు ఒక్కరే రాయాలి. నడక మొదలైనప్పుడే స్టార్ట్ నొక్కాలి, ఇంటికెళ్ళి గుర్తు తెచ్చుకుని కాదు. గుర్తుపట్టిన ప్రతి పక్షీ, కాకి, పావురంతో సహా, అంకెతో వేయాలి. గుర్తుపట్టినవన్నీ రాశారా అని యాప్ అడిగే ప్రశ్నకు నిజంగా అవును అనగలిగితేనే ఆ జాబితాలో 'లేదు' అన్నదానికి విలువ. వలస పక్షి ఎప్పుడు వెళ్ళిపోయిందో తేలేది ఆ 'లేదు'ల నుంచే. అరుదైనవాటినే రాసుకుంటే ఏప్రిల్ చివర చేతిలో ఏమీ మిగలదు. గంట దాటితే ఆ జాబితా ముగించి రెండోది మొదలుపెట్టండి, ఏ పిట్ట ఏ ముక్కలో ఉందో తెలుస్తుంది. బండి ఎక్కేముందు యాప్‌లో దూరం కొలిచే ట్రాక్ ఆపడం మర్చిపోతే ఒకటిన్నర కిలోమీటరు కాస్తా పదిహేను అవుతుంది.

నడక అయ్యాక ఆ ఒక్క జాబితాను మిగతావాళ్ళ అకౌంట్లకు షేర్ చేయాలి. పది మంది పది జాబితాలు విడివిడిగా పెడితే ఒకే బ్రౌన్ ష్రైక్ పది సార్లు లెక్కకొస్తుంది.

కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో భారత్ ప్యాక్ ఇంట్లోనే దించుకోండి, తలకోనలో సిగ్నల్ నమ్ముకోలేం. ఫోన్ పేరు చూపించింది కదా అని జాబితాలో వేయొద్దు. తోకకు రెండు రాకెట్లున్న ఏట్రింత (డ్రోంగో) ఇతర పక్షుల గొంతులు అచ్చం తీస్తుంది, యాప్ మోసపోతుంది. ఆ వైపు చూపు తిప్పడానికి మాత్రం యాప్ మంచి సాయం.

చిత్తూరు_మామిడితోపు:

@పక్షిలెక్క సార్, ఒక మాట. గంటకో జాబితా మంచిదే కానీ కొత్తవాళ్ళ గుంపులో రాసే మనిషి తల ఎత్తకుండా ఫోన్లోనే ఉండిపోతాడు. నోట్ చేసే మనిషిని, లీడరును వేరుగా పెట్టాలి. పెద్ద పిల్లల్లో ఒకరికి ఆ పని ఇస్తే వాళ్ళు శ్రద్ధగా చేస్తారు.

ఇంకోటి, ఫోన్లో కూత మోగించి పిట్టను రప్పించడం ఎవరు అడిగినా ఒప్పుకోకండి. మన రాతి గుట్టల్లో ఉండే పసుపు గొంతు పికిలి దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు. అలాంటి పక్షిని తన హద్దు కాపాడుకునే పనిలో అనవసరంగా అలిసిపోయేలా చేయడం ఎందుకు? అది మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌లో కూడా ఉంటుంది. పన్నెండు వందల మీటర్ల పైన కాబట్టి ఏప్రిల్లోనూ పొద్దున చల్లగానే ఉంటుంది.

మామిడి తోపుల్లో చూడాలనుకుంటే రైతును అడగాలి, మందు కొట్టిన వారం లోపలికి పోకూడదు. కాయ మీదున్నప్పుడు బైనాక్యులర్‌తో గట్టు మీద నిలబడితే ఎవరైనా అనుమానిస్తారు, తప్పేం లేదు.

భాకరాపేట_బైనాక్స్:

రాయలచెరువు, పులికాట్ మిగిలాయి. రాయలచెరువు మార్చి మొదటి సగంలోనే పెట్టుకోండి, గార్గనీ, షవలర్ లాంటి బాతులు నెలాఖరుకు పల్చబడతాయి. తర్వాత పోతే ఎండిన అంచుల్లో ఉల్లంకులే (నీటి అంచున బురదలో తిరిగే చిన్న పక్షులు) ఎక్కువ.

పులికాట్ మాత్రం ఏప్రిల్ మొదటి వారానికి ఉంచండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు మీద నుంచే చూడాలి. అప్పటికి కర్ల్యూ శాండ్‌పైపర్లకు ఇటుక ఎరుపు, ఇసుక ఉల్లంకులకు (శాండ్ ప్లవర్) ఛాతీ మీద నారింజ రంగు దిగుతుంది. చలికాలంలో ఒకే బూడిద రంగులో కలిసిపోయేవి ఇప్పుడు తేలిగ్గా విడిపోతాయి. స్కోపు (ముక్కాలి మీద పెట్టి చూసే దుర్భిణి) లేకుండా పోతే చుక్కలే కనపడతాయి, ఎక్కడైనా ఒకటి అడిగి తీసుకోండి. జూమ్ 20, 30 దగ్గరే ఉంచండి, ఎనిమిది తర్వాత ఉప్పు నేల మీద గాలి ఆవిరిలా వణికి పెద్ద జూమ్‌లో అన్నీ అలుక్కుపోతాయి. వెలుతురు వెనక నుంచి పడాలి కాబట్టి పొద్దున సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి నీళ్ళు చూడండి. బండి పూర్తిగా రోడ్డు దించి ఆపండి, ఇస్రో బస్సులు ఆ దారిలో వేగంగా వస్తాయి.