ఫోన్లు బీరువాలో పెట్టి మూడు దినాలు అహోబిలంలో ఉండొచ్చినాం, తప్పు చేసినామా?

భవనాశి_గట్టు (కడప)
పోయిన నెల నేను, నా భార్య, ఇద్దరు పిల్లోళ్లు ఎగువ అహోబిలంలో మూడు దినాలు ఉన్నాం. ఫోన్లు, ట్యాబు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా బస్సుల్లోనే పోయినాం. మొదటి దినమంతా పెద్దోడు ఉత్త జేబు తడుముకుంటానే ఉన్నాడు. రెండో దినం జ్వాలా నరసింహస్వామి దగ్గరికి భవనాశిని వెంబడి నడిచేటప్పుడు అందరికన్నా ముందర వాడే. బండ మీద కూర్చోని కోతుల్ని లెక్కబెడుతున్నాడు, తొంభై దాటినాక లెక్క తప్పినాడు. నాకు మటుకు రాత్రి పదకొండుకు ఆఫీసు గ్రూపు మోగకుండా నిద్రపట్టి ఎన్నేండ్లయిందో.

ఇంటికొచ్చినాక మా బావమరిది "పిల్లోళ్లను అడివికి తీసకపోతా ఫోన్ పెట్టకుండా పోతారా బావా, బుద్ధుందా" అన్నాడు. మీరేమంటారు?

దారి_చూపు (కర్నూలు)
మీ బావమరిది చెప్పిందే నిజం. ఫోన్ అంటే మాట్లాడేదానికే అనుకుంటాండారు అందరూ. జీపీఎస్‌కు టవర్ అక్కర్లేదు సార్, ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడే మ్యాపు దింపుకోని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుంటే చాలు. గ్రూపులూ మోగవు, దారీ తప్పరు. ఇంకొకటి, టవర్ అందని చోట ఫోన్ ఊరికే వెతుక్కుంటా ఛార్జి తాగేస్తుంది, ఏరోప్లేన్ మోడ్‌లో ఆ బాధ కూడా ఉండదు. బీరువాలో పెట్టడం వట్టి పంతం.

ఓళిగ_నెయ్యి
ఇంత రాసినావు, ఒక ఫొటో అన్నా పెట్టు అన్నా.

భవనాశి_గట్టు
ఫోనే లేదంటే ఫొటో యాడిదప్పా.

ఓళిగ_నెయ్యి
టీకి దుడ్లు ఎట్ల ఇచ్చినావు మరి?

భవనాశి_గట్టు
నోట్లతో. ఇంకా చెల్లుతాయి.

పాత_నడక (ఆత్మకూరు)
1989లో ఉగాదికి మొదటిసారి కాలినడకన శ్రీశైలం పోయినా. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను. ఆ లోయ దిగి మళ్లీ ఎక్కేటప్పుడు ప్రాణం గొంతులోకొస్తుంది. ఎవరి దగ్గర ఏ ఫోనుండె? ఏ జీపీఎస్సుండె? మల్లన్న దారి చూపించినాడు.

దారి_చూపు
పెద్దాయనా, ఉగాదికి కన్నడమోళ్లు వేలమంది నడుస్తారు ఆ దావలో. అన్నదానాలుంటాయి, ముందరోడి వీపు చూసుకుంటా పోతే సరిపోతుంది. నలుగురే పోయింది దాంతో ఎట్ల సరి? అది నల్లమల. ఆత్మకూరు-దోర్నాల రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఊరికే మూసినారా? మన సిమ్ టవర్ లేకున్నా ఇంకో కంపెనీ టవర్ అందితే 112కు ఫోన్ పోతుంది. బీరువాలో ఉన్న ఫోన్‌కు ఏ టవరూ అందదు.

ప్రొద్దుటూరు_పెద్దోడు
మీ అమ్మానాయన యాడుంటారు?

పాత_నడక
112 అంటాండావు. నాగలూటిలో నాకు తేలు కుట్టింది. ఎవరో కన్నడామె ఏదో ఆకు నూరి పెట్టింది. తెల్లారి లేచి నడిచినా.

దారి_చూపు
అది పామై ఉంటే ఈ పోస్టు రాసేవాడివి కాదు పెద్దాయనా.

కలివికోడి_కన్ను
1900 తర్వాత ఎవరి కంటా పడకుండా ఉండి 1986లో మన లంకమల్ల అడివిలో తేలింది కలివికోడి అనే పిట్ట. ఎవురికీ అందకుండా ఉండడమంటే అదీ. మీ మూడు దినాలు ఏపాటి.

ప్రొద్దుటూరు_పెద్దోడు
మళ్లీ అడుగుతాండా. మీ అమ్మానాయన యాడుంటారు?

భవనాశి_గట్టు
నాయన లేడు. అమ్మ మాతోనే. ఆ మూడు దినాలు మా అక్క ఇంట్లో ఉండె. దానికీ దీనికీ ఏం సంబంధమన్నా?

అనంత_టీచరు (అనంతపురం)
సంబంధముంది తమ్ముడూ. మా ఆయన కూడా హార్స్‌లీ హిల్స్‌లో ఇట్లే ఫోన్ ఆపేసినాడు. గ్యాసాయన, మా మామ మందులు, పాప స్కూలు గ్రూపు, అన్నీ నా ఫోన్‌కే వచ్చినాయి. ఆయన చెట్టు కింద పండుకోని "చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటాడు. మీ ఆమె ఫోన్ కూడా బీరువాలోనే పెట్టినారా?

భవనాశి_గట్టు
పెద్ద ఫోన్ బీరువాలోనే.

అనంత_టీచరు
పెద్ద ఫోనా? చిన్నది యాడుండె?

భవనాశి_గట్టు
ఆమె బ్యాగులో. పాత బటన్ల ఫోన్, చెనిక్కాయల పొడి డబ్బా కింద. నాకు మూడో దినం తెలిసింది. మా అక్క నాలుగుసార్లు చేసిందంట, ఒకసారి అమ్మ బీపీ మాత్రలు యాడ పెట్టినారని.

దారి_చూపు
చూసినారా! ఫోన్ ఉండాల్సిందే అని మొదట్నుంచీ చెప్తాండా. కానీ ఆ బటన్ల ఫోన్‌లో మ్యాపు రాదు.

ప్రొద్దుటూరు_పెద్దోడు
గమ్మునుండు సామీ నీ మ్యాపుతో.

నా కత చెప్తా. మా తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. ఏడాదికి రెండుసార్లు "నాలుగు దినాలు అందుబాటులో ఉండను" అని స్టేటస్ పెట్టి కాఫీ తోటలకు పోతాడు. పోయినసారి అట్ల పోయిన రెండో దినం నాయన బచ్చలింట్లో జారి పడినాడు, తుంటి విరిగింది. ఆటోలో ఎక్కించుకున్నది నేను, అడ్వాన్సు కట్టింది నేను, ఆపరేషన్‌కు సంతకం చేసింది నేను. నా అంగడి ఎనిమిది దినాలు మూసినా. నాలుగో దినం వాడు ఆన్‌లైన్‌కొచ్చి ముందు పొగమంచు ఫొటో పెట్టినాడు, ఆ తర్వాత "ఏమైందన్నా, ఇన్ని మిస్డ్ కాల్స్" అని. నీ ఫోన్ మోగకుంటే మోగే ఫోన్ ఇంకోటి ఉంటాదప్పా. మా ఇంట్లో అది నాది, మీ ఇంట్లో చెనిక్కాయల పొడి కింద ఉండాది. మళ్లా పోస్టులు పెట్టేది మాత్రం మీరు.

భవనాశి_గట్టు
మీ తమ్మునిమీద కోపం నామీద తీర్చుకుంటాండారు. నాకు తమ్ముడూ లేడు, అన్నా లేడు. అమ్మను డాక్టరు దగ్గరికి తీసకపోయేది నేను. ఏడాదిలో 362 దినాలు మోగేది నా ఫోనే. మూడు దినాలు ఆపితే కాఫీ తోటలోనితో జత కట్టినారు నన్ను. మా అక్కను అడిగే పోయినా.

అనంత_టీచరు
అక్కను అడిగినారు. మీ ఆమెను అడిగినారా?

ఓళిగ_నెయ్యి
😬

భవనాశి_గట్టు
అడగలే. బీరువాలో పెడుతున్నా అని చెప్పినా, అంతే. ఇందాక ఈ పోస్టు చూపించినా. "ఆ ఫోన్ నీకోసం తెచ్చింది కాదు, మీ అమ్మకోసం తెచ్చినా" అనింది. ఇంకేం మాట్లాడలే.

ప్రొద్దుటూరు_పెద్దోడు
సరేప్పా. 362 అన్నావు కదా, దానికి నోరు మూసుకుంటాండా. ఎక్కువ మాట్లాడినా, ఏమనుకోవద్దు.

భవనాశి_గట్టు
పర్లేదన్నా.

ప్రొద్దుటూరు_పెద్దోడు
ఎగువన రూము దొరుకుతుందా? ముందే చెప్పుకోవాల్నా?

భవనాశి_గట్టు
సెలవుల్లో అయితే ముందే చెప్పుకోండి. ఎప్పుడు పోతారు? నాయన దగ్గర ఎవరుంటారు మరి?

ప్రొద్దుటూరు_పెద్దోడు
తమ్మునికి చేస్తాండా. ఎత్తలే ఇంకా.

దారి_చూపు
పోయేముందు మ్యాపు దింపుకోండి.