గెడ్డ దిగే చోట ఇసుక, మదుం దగ్గర బురద: పూడిక ఎక్కడ తీయాలి?

గంజాం_ఆయకట్టు:
మాది బరంపురం పక్కన పల్లె. చెరువులోకి గెడ్డ (వాగు) దిగే చోట ఇసుక మేట ఏటా ముందుకు జరుగుతోంది. మదుం (తూము) దగ్గరేమో ఇసుక రేణువు లేదు, మోకాలి లోతు జిగట బురద. వచ్చేది ఒకే నీరు కదా, ఇలా ఎందుకు? ఈ వేసవిలో జేసీబీ పెడుతున్నాం. మేట తీస్తే సరిపోతుందా?

ఒండ్రుమట్టి:
నీరు చెరువులో పరుచుకోగానే వేగం చచ్చిపోతుంది. గులక, ముతక ఇసుక అక్కడే దిగిపోతాయి. కదలని నీటిలో మీటరు కిందికి దిగడానికి 0.1 మి.మీ. ఇసుకకు రెండు నిమిషాలు చాలు. 0.01 మి.మీ. ఒండ్రుకు మూడు గంటలు పడుతుంది, 0.001 మి.మీ. బంకమట్టికి పది రోజులు దాటుతుంది. ఈలోగా అది గట్టు దాకా పోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. వరదలో బురదనీరు చెరువు నీటికన్నా బరువు. అది కిందికి మునిగి, అడుగునే జారుతూ మదుం చేరుతుంది. మునిగే చోట నురగ, గడ్డిపోచలు గీత గీసినట్టు ఆగిపోతాయి, చూడండి.

పార_పలుగు:
మేటను నిలువుగా కోసి చూడండి. పైన ఇంచుమించు సమంగా పరుచుకున్న పొరలు, ముందువైపు చెరువులోకి వాలిన పొరలు, అడుగున సన్న బురద. గిల్బర్ట్ అనే భూవిజ్ఞాని 1880ల్లోనే అమెరికాలో బోన్‌విల్ సరస్సు పాత డెల్టాలు చూసి ఈ అమరిక రాశాడు.

మేట ఒక్కటే తీస్తే చాలదు. చెరువులో నీటి మట్టం తగ్గిన ఏడాది గెడ్డ ఆ మేటనే కోసుకుని ఇసుకను ఇంకా లోపలికి నెడుతుంది. అలాగని గెడ్డ అడుగుకన్నా లోతుగా తవ్వితే కోత ఎగువకు పాకి, కొత్త ఇసుక దిగుతుంది. గెడ్డ మూతి దగ్గర పాత మట్టం అలాగే ఉంచండి, అవసరమైతే రాళ్లు పేర్చండి. గుంట దాని లోపలివైపు, వాలుగా తవ్వండి. మదుం వైపు గట్టు పాదానికి ఆనించి అసలు తవ్వకండి: అడుగున ఉన్న పాత బంక పొర తెగితే నీరు ఊరుతుంది, గట్టు జారుతుంది.

గంజాం_ఆయకట్టు:
బురద పొలాలకు తోలుకోవచ్చా?

ఒండ్రుమట్టి:
ముందు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదపండి. నిమిషంలో దిగింది ఇసుక, రెండు గంటల్లో దిగింది ఒండ్రు, మర్నాటికీ మసకగా ఉన్నది బంక. ఇసుక పొలానికి బంక ఎక్కువున్న మట్టి మేలు. నల్లరేగడికి వద్దు, అక్కడ నీరు అసలే ఇంకదు. సీసాలో ఉప్పు కలపొద్దు. బంక రేణువులు గుంపుకట్టి త్వరగా దిగిపోయి లెక్క తప్పుతుంది. ఏరు ఉప్పునీటిని తాకే చోట జరిగేదీ అదే.

పార_పలుగు:
ఇసుక అమ్మే ఆలోచన ఉంటే తవ్వకముందే తహసీల్ ఆఫీసులో అడగండి.